ఊరు వెలిగిందంటే వాడ వెలిగినట్టేనా?

పాత కరీంనగర్ జిల్లా రామగుండంలో ఎన్టీపీసీది 2,600 మెగావాట్ల కేంద్రం. పాత ఆదిలాబాద్ జిల్లా జైపూర్‌లో సింగరేణిది 1,200 మెగావాట్లు. అయినా కరెంటు దళితవాడ దాకా రావడం ఉత్పత్తిని బట్టి కాదు, సర్కారు లెక్కల్లో ‘విద్యుదీకరణ’ అంటే ఏమిటన్నదాన్ని బట్టి నడిచింది.

1997 దాకా గ్రామ రెవెన్యూ పరిధిలో ఎక్కడ కరెంటు వాడినా ఊరంతటికీ వచ్చినట్టే లెక్క. ఒక్క పొలంలో మోటారు నడిచినా చాలు. ఆ తర్వాత జనం ఉండే చోట వాడాలన్నారు, వాడ ఊసు మాత్రం లేదు.

2004–05 నుంచి కేంద్రం మూడు షరతులు పెట్టింది:

- ఊళ్లోనూ, దళితవాడ ఉంటే అక్కడా ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు ఉండాలి.
- బడి, పంచాయతీ ఆఫీసు, ఆరోగ్య కేంద్రాలకు కరెంటు ఉండాలి.
- కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలి.

2005లో మొదలైన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన కింద ఖర్చులో 90 శాతం కేంద్ర గ్రాంటు, పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ వచ్చాయి.

కానీ ఆ 10 శాతం ఇళ్లన్నీ ఊళ్లోనే ఉన్నా షరతు తీరినట్టే. అందుకే ఊరి లెక్క చాలదు. మీ వాడకు ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఏడాది, ఏ పథకం కింద వచ్చింది, ఎన్ని ఇళ్లకు మీటర్లున్నాయి అని ఉత్తర డిస్కంను సమాచార హక్కు చట్టం కింద అడగాలి. సిరిసిల్ల ప్రాంతంలో కరెంటు ఇచ్చేది సహకార సంఘం ‘సెస్’ కాబట్టి అక్కడ అదే ప్రశ్న దానికి వేయాలి.