నల్ల బట్టల పెళ్లికొడుకు

"పెళ్లికి నల్ల బట్టలేమిట్రా, అప్రాచ్యపు పని!"

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ వేసిన నిలువెత్తు జంట బొమ్మల్ని వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ అన్న మొదటి మాట ఇది. పెళ్లికొడుకు మార్టెన్ సోల్మన్స్, పెళ్లికూతురు ఓప్యెన్ కోపిట్. 1633లో పెళ్లయింది, మరుసటి ఏడు బొమ్మలు వేయించుకున్నారు. 2016లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ కలిసి వీటిని 16 కోట్ల యూరోలకు కొన్నాయి.

ప్రధానమంత్రి సైకిలు మీద ఆఫీసుకెళితే ఎవరూ తల తిప్పి చూడని దేశం నెదర్లాండ్స్. ఆ నలుపు కూడా నిరాడంబరమే అనుకున్నాను. కాదట. చిక్కటి నలుపు రావాలంటే బట్టను మళ్లీ మళ్లీ రంగులో ముంచాలి. చవక నలుపు ఇట్టే వెలిసి మట్టిరంగుకు దిగేది. నిలువెత్తు బొమ్మంటే అప్పట్లో రాజులకూ ప్రభువులకూ చెల్లింది. ఈ వర్తకుల పిల్లలు ఆ దర్జా కొనుక్కున్నారు. మెడ చుట్టూ చేత్తో అల్లిన తెల్ల లేసు, మార్టెన్ జోళ్ల మీద పెద్ద పెద్ద లేసు పువ్వులు. బురదలో నడిచే అవసరం లేనివాడని వేరే చెప్పాలా?

ఓప్యెన్ కణత మీద నల్లచుక్క చూసి అమ్మ చల్లబడింది. "బుగ్గచుక్క! కాస్త పైకి జారింది, అంతే. మరి పెళ్లికొడుక్కి పెట్టలేదేం?" తెల్లతోలు ఇంకా తెల్లగా కనపడాలని అతికించుకునే ముక్కమ్మా అంటే వినదే. మనం దిష్టి తగలకుండా పెట్టే చుక్కను వీళ్లు చూపు లాగడానికి పెట్టుకున్నారు!

బొమ్మలో లేనిది ఒకటుంది: చక్కెర. మార్టెన్ తండ్రిది చక్కెర శుద్ధి చేసే కార్ఖానా. ఆ రోజుల్లో ఇక్కడికి ముడిచక్కెర ఎక్కువగా బ్రెజిల్ నుంచి వచ్చేది. అక్కడ చెరకు నరికిందీ, గానుగ ఆడించిందీ ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. 2021లో ఇదే మ్యూజియం బానిసత్వం మీద ప్రదర్శన పెట్టి ఈ సంగతి తనే చెప్పింది. అది తెలిసినప్పటినుంచి ఆ లేసు నాకు అంత తెల్లగా కనపడటం లేదు.

అమ్మతో మాట్లాడిన ఆ రాత్రి మా ఇంటి నడవలోని పెళ్లి ఫొటో గుర్తొచ్చింది. నాన్న చెయ్యి కాస్త ముందుకు పెట్టి, చొక్కా మడత పైకి లాగి, వాచీ కనపడేలా నిలబడతాడు. అది కట్నం వాచీ. దానికోసం తాతయ్య చెరువు కింద అరెకరం అమ్మాడు. ఫొటోలో వాచీ ఉంది, పొలం లేదు.

మీ ఇంట్లోనూ అలాంటి ఫొటో ఉండే ఉంటుంది. ఈసారి దుమ్ము తుడిచేటప్పుడు, అందులో లేనిదేమిటో పెద్దవాళ్లను అడిగి చూడండి.