మెర్రీ క్రిస్మసా, హ్యాపీ హాలిడేసా?

డిసెంబరు వచ్చిందంటే ఊరి నుంచి ఫోన్లలో ఒక ప్రశ్న తప్పదు. "అక్కడ ఎవరికైనా మెర్రీ క్రిస్మస్ చెబితే ఊరుకోరట, హ్యాపీ హాలిడేస్ అనాలట, నిజమేనా?" అని. అమెరికాలో అలాంటి చట్టం ఏదీ లేదు. కానీ క్రిస్మస్ చేసుకోవడమే నేరమన్న చట్టం ఒకప్పుడు ఉండేది, అదీ నేనుంటున్న మసాచుసెట్స్‌లోనే. దాన్ని తెచ్చినవాళ్లు బైబిలు మాట జవదాటని నిష్ఠాపరులైన క్రైస్తవులు.

వాళ్లే ప్యూరిటన్లు, ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్లు. యేసు పుట్టిన తేదీ బైబిల్లో ఎక్కడా లేదు కాబట్టి డిసెంబరు 25 పండుగ మనుషులు కల్పించుకున్నదేనని వాళ్ల వాదన. పైగా ఆనాటి ఇంగ్లండులో క్రిస్మస్ అంటే తాగుడు, జూదం, వీధుల్లో అల్లరి. అందుకే 1659లో ఇక్కడి శాసనసభ, ఆ రోజున పండుగ పేరుతో పని మానినా, విందు చేసుకున్నా ఐదు షిల్లింగుల జరిమానా అని శాసించింది. 1681లో గానీ ఆ చట్టం పోలేదు. పోయాక కూడా ఈ ప్రాంతంలో పండుగ వేళ్లూనుకోవడానికి తరాలు పట్టింది. జర్మన్లు చెట్టు తెచ్చారు, డచ్చివాళ్లు సెయింట్ నికొలస్‌ను తెచ్చారు. ఫెడరల్ ప్రభుత్వం క్రిస్మస్‌కు సెలవిచ్చింది 1870లో. అప్పటికి స్వాతంత్ర్యం ప్రకటించుకుని 94 ఏళ్లయింది.

హ్యాపీ హాలిడేస్ కూడా నిన్నమొన్న పుట్టిన మాట కాదు. 1942లో 'హాలిడే ఇన్' సినిమాకు ఇర్వింగ్ బెర్లిన్ 'హ్యాపీ హాలిడే' అనే పాట రాశాడు. 'వైట్ క్రిస్మస్' పాట రాసిందీ ఆయనే, అదే సినిమాలో. రష్యా సామ్రాజ్యం నుంచి ఐదేళ్ల వయసులో వచ్చిన యూదు వలస బిడ్డ ఆయన. 1950ల్లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 'సీజన్స్ గ్రీటింగ్స్' అని కార్డులు పంపితే దేశమేమీ అట్టుడికిపోలేదు.

అట్టుడికింది 2005లో. క్రిస్మస్ మీద యుద్ధం జరుగుతోందంటూ టీవీ వ్యాఖ్యాత జాన్ గిబ్సన్ ఆ ఏడాది ఏకంగా పుస్తకమే రాశాడు. హ్యాపీ హాలిడేస్ అనే దుకాణాలను బహిష్కరించాలని కొన్ని సంఘాలు పిలుపునిచ్చాయి. మరుసటి ఏడాది వాల్‌మార్ట్ మళ్లీ మెర్రీ క్రిస్మస్ అనడం మొదలుపెట్టింది. ఈ రచ్చలో జనం మరిచిపోయే సంగతి ఒకటుంది. ఇక్కడి రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, పౌరుణ్ణి కాదు. 1989లో పిట్స్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు భవనం లోపలి పెద్ద మెట్ల మీద యేసు జననఘట్టం బొమ్మలు మాత్రమే పెట్టడం తప్పంది. అదే ఊళ్లో మరో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన పెట్టిన యూదుల దీపస్తంభానికి అభ్యంతరం చెప్పలేదు. మనిషికీ మనిషికీ మధ్య పలకరింపు జోలికి ఏ కోర్టూ రాలేదు.

ఇక మనవాళ్ల సంగతి. నా స్నేహితురాలిది గుంటూరు, తాతగారు లూథరన్ పాస్టరు. అమెరికా లూథరన్లు పంపగా హేయర్ అనే మిషనరీ గుంటూరు చేరింది 1842లో, అంటే ఈ దేశం క్రిస్మస్‌కు సెలవివ్వడానికి 28 ఏళ్ల ముందు. అలాంటి ఇంటి పిల్లకు ఇక్కడి ఆఫీసులో అక్టోబరులో హ్యాపీ దీపావళి చెబుతారు. డిసెంబరులో అందరి బల్లల మీదా మెర్రీ క్రిస్మస్ కార్డులుంటే ఆమె బల్ల మీద మాత్రం హ్యాపీ హాలిడేస్ కార్డు. ఇచ్చినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు, నొప్పించకూడదనే వాళ్ల తాపత్రయం. కానీ అరిసెలు వండి, గుమ్మానికి నక్షత్రం కట్టి, అర్ధరాత్రి ఆరాధనకు వెళ్లే మనిషి అది చూసి చిన్నబుచ్చుకుంది. ముఖం చూసి మతం ఊహించడం కంటే ఏ పండుగ చేసుకుంటారని ఒక్కమాట అడగడం మర్యాద. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

డిసెంబరులో ఇక్కడ యూదుల హనుకా ఉంటుంది, 1966లో ఆఫ్రికన్ అమెరికన్లు మొదలుపెట్టిన క్వాంజా ఉంటుంది, వెంటనే కొత్త సంవత్సరం. ముక్కూమొహం తెలియనివాళ్లకు హ్యాపీ హాలిడేస్ చెబితే అన్నీ కలిసొస్తాయి, దానివల్ల ఏ దేవుడికీ లోటు రాదు. క్రైస్తవుడని తెలిసిన మనిషికి మాత్రం నోరారా మెర్రీ క్రిస్మస్ చెప్పాల్సిందే. ఎవరైనా మనకే చెబితే మేం హిందువులమనో ముస్లింలమనో సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, మీకు కూడా అంటే సరిపోతుంది. మీ పిల్లలు ఇక్కడికి చదువుకోవడానికి వస్తుంటే బయల్దేరే ముందే వాళ్లకు ఈ నాలుగు మాటలూ చెప్పి పంపండి.