ఆముదం పూసిన రబ్బరు

నెగడు సల్లారుతున్నది, ఆ కందికట్టె ఇంకో నాలుగు పుల్లలు వెయ్యుండ్రి. ఆ విమానాన్ని మాత్రం జర దూరం జరుపుండ్రి. ఒక్క నిప్పురవ్వ పడ్డదంటె గంతే సంగతులు. అంత దూరం నుంచి మనుమరాలు అట్టపెట్టెల పెట్టుకొని భద్రంగ తెచ్చుకున్నది.

పొద్దుగాల నుంచి దాన్నే చూస్తున్న. చేతుల పట్టుకుంటె పట్టుకున్నట్టే లేదు. వాళ్ల అమెరికా బడులల్ల సైన్స్ ఒలింపియాడ్ అని పోటీ పెడతరట. దాంట్ల కొన్ని ఏండ్లు ‘రైట్ స్టఫ్’ అని ఓ ఆట ఉంటదట. గాలి సొరని పెద్ద హాలుల రబ్బరు మెలితిప్పి వదిలిపెట్టాలె, ఎవరిది ఎక్కువసేపు పైన ఉంటె వాళ్లు గెలిచినట్టు. రూళ్లు ఏటేటా మారుతయట. విమానం ఇంత బరువుకు తక్కువ ఉండొద్దు, రబ్బరు ఇన్ని గ్రాములు దాటొద్దు అని తాసుల పెట్టి జోకుతరట. నాకు నవ్వొచ్చింది. మా కాలంల రబ్బరు దొరుకుడే గగనం, జోకుడెక్కడిది!

‘తాతా, నువ్వు గూడ చేసినవా?’ అంటున్నది. చేసిన బిడ్డా. మీ నాయినమ్మ మజ్జిగ తాగే ఆ స్టీలు గిలాస ఉన్నది సూడు, అది దాంతోని వచ్చిందే. ఆ కత చివరికి చెప్త.

1968ల పీయూసీ సదువుటానికి నల్లగొండ దిక్కు నుంచి హైదరాబాద్ పోయిన. కాలేజీల ఎన్‌సీసీ ఏర్ వింగ్ ఉండె. పరేడ్ అయినంక టిఫిన్ పెట్టేటోళ్లు. నేను దానికే చేరిన, దేశభక్తి అటెన్క వచ్చింది. ఆడ మా సారు ఆదివారం ఆదివారం చిన్న విమానాలు చేసుడు నేర్పిస్తుండె. ఆయన దగ్గర బాల్సా కట్టె నాలుగు పలకలు తాళమేసిన బీరువల ఉండేటియి. దక్షిణ అమెరికాల ఈక్వడార్ అనే దేశం నుంచి వచ్చే కట్టె అది. గోటితోని గిచ్చితె దిగుతది, ఉఫ్‌మని ఊదితె బల్ల మీదికెళ్లి జరుగుతది. సారు దాన్ని కంసాలాయన బంగారం కోసినట్టు బ్లేడుతోని కోసి, తలా ఓ ముక్క ఇచ్చేటోడు. చెడగొడితె ఇంకోటి లేదు.

అయితె మాకు సారు ముందుగాల కట్టె గురించి చెప్పలే, ఒక పోరగాని గురించి చెప్పిండు. పేరు అల్ఫాన్స్ పెనో, ఫ్రాన్స్ దేశపోడు. తుంటి బొక్కకు రోగమొచ్చి నౌకాదళంల చేరలేకపోయిండు. ఇరవై ఒక్క ఏండ్ల వయసుల, 1871 ఆగస్టు 18న, పారిస్‌ల తూయిలరీ తోటల పెద్దమనుషుల ముందర ఓ విమానం ఇడిచిపెట్టిండు. మూరెడు రెక్క, 16 గ్రాముల బరువు, ఎనుక పంక, నడుమ మెలితిప్పిన రబ్బరు. 11 సెకన్లల సుమారు 131 అడుగులు పోయింది. తోకను ఏ కోణంల పెడితె విమానం తనంతట తనే సర్దుకుంటదో లోకానికి చూపించినోడు ఆయన. ముప్పై ఏండ్లకే పోయిండు పాపం.

ఆయన పోకముందే ఆయన చేసిన ఇంకో రబ్బరు బొమ్మ సముద్రం దాటి అమెరికా చేరింది. 1878ల ఓ పాదిరి అసొంటి బొమ్మను ఇంటికి తెచ్చి ఇద్దరు కొడుకుల ముందర గాలిలకు ఇసిరిండు. బెండు, వెదురు, కాయితం, రబ్బరు, గంతే. అది పోయి కప్పుకు తాకింది. పెద్దోనికి పదకొండేండ్లు, చిన్నోనికి ఏడు. వాళ్లే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. దానికి గబ్బిలం అని పేరు పెట్టుకొని, అసొంటియే పెద్దయి చేయబోయిండ్రు. ఎంత పెద్దగ చేస్తె అంత లేవకపాయె. రెండింతలు పెద్దది లేవాలంటె ఎనిమిదింతల బలం కావాలెనని వాళ్లకప్పుడు ఎరుకలే. 1903ల ఇంజన్ పెట్టి లేపినప్పుడు వాళ్ల మొదటి ఎగురుడు ఎంతనుకున్నరు? 12 సెకన్లు, 120 అడుగులు. ‘లెక్క చూడుండ్రిరా, పెనో రబ్బరు బొమ్మ పదకొండు అడుగులు ఎక్కువే పోయింది’ అని సారు మేజా మీద చెయ్యి కొట్టి చెప్తుండె. ఆ దెబ్బకే నేను పడిపోయిన.

గంతల 69 వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కోసం పోరగాండ్లందరు రోడ్ల మీదికొచ్చిండ్రు, కాలేజీలు మూతపడ్డయి. నెలలకు నెలలు సదువు లేదు. మా బాపు వచ్చి నన్ను ఊరికి తోల్కపోయిండు. సగం రోజు బాయికాడ పని, సగం రోజు విమానం. ఎవరన్న నా సదువు ఆగమైందంటె నేను ఒప్పుకోను, అసలు సదువు అప్పుడే అయింది.

బాల్సా ఊర్ల ఏడ దొరుకుతది? వడ్లాయన దగ్గర కూసున్న. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె ముక్క ఓటి ఆయన దగ్గర ఉండె, దాంతోని పంక చెక్కిచ్చిండు. పెండ్లి బాసింగాలు కట్టేటోళ్ల కాడికి పోయి జీలుగు బెండు తెచ్చుకున్న. బాల్సా కన్న తేలిక, కని నడుమ ఇరుగుతది, అందుకే రెక్కల లోపలి పక్కటెముకలకే వాడిన. రెక్క అంచులకు వెదురు చీరి, దీపం మీద కాగవెట్టి వంచిన. పతంగి కాయితం అతికి, నీళ్లు చిలకరించి ఆరవెడితె బిగుసుకుంటది, డప్పు తీరు మోగుతది. పంకకు, ముక్కుకు నడుమ ఓ గాజుపూస ఉండాలె, లేకుంటె రాసుకొని సగం బలం ఆడనే పోతది. మా అవ్వ మెడల పూసలదండల ఒక పూస తక్కువైందని వారం దినాలు ఎతికింది. ఇప్పుడు చెప్తున్న, అది నేనే తీసిన.

ఇగ రబ్బరు. విమానమంటె అందరు రెక్కల దిక్కు చూస్తరు. రెక్క చేసుడు ఎవరికైన వస్తది, రబ్బరు తెలిసినోడే నెగ్గుతడు. మొదట సైకిలు ట్యూబు కోసి చూసిన. మొద్దు రబ్బరు, లాగితె సాగుతది గని తిరిగి ఇయ్యదు. కిరాణ దుకానంల రబ్బరు బ్యాండ్లు గొలుసు కట్టి చూసిన. ముడి ముడికి గట్టి పడి, తిరుగుతుంటె విమానం ఎక్కిళ్లు వచ్చినోని తీరు ఊగింది. కాలేజీ మళ్ల తెరిచినంక సారు పట్టీ రబ్బరు ఓ చుట్ట ఇచ్చిండు, ఇటలీల పిరెల్లి కంపెనీది. అప్పట్ల లోకంల విమానాల పోటీగాండ్లందరు దాని ఎంబడే పడేటోళ్లు. దాన్ని పట్టుకుంటె తెలిసింది, రబ్బరుకు పానం ఉంటదని.

దాన్ని కొత్తగ తెచ్చి ఒకటేసారి మెలిపెట్టొద్దు. ముందుగాల మెల్లగ సాగదీసి, జరసేపు పట్టి, ఇడిచి, మళ్ల సాగదియ్యాలె. కొత్త ఎద్దుకు కాడి అలవాటు చేసినట్టు. ముడి వేసేటప్పుడు ఉమ్మితోని తడపాలె, లేకుంటె రాపిడికి ఆడనే కోసుకపోతది. ఎండల పెట్టొద్దు. డబ్బల, చీకట్ల, సల్లగ ఉంచాలె. నూనె లేకుండ మెలిపెడితె పోగులు ఒకదాన్నొకటి కోసుకుంటయి. ఏ నూనె పడితె ఆ నూనె పనికిరాదు. నా రూమ్మేటు ఖమ్మం దిక్కోడు, కుట్టుమిషను నూనె పూసి డబ్బల పెట్టిండు. వారానికి తీసి చూస్తె ఉబ్బి, జిగురు జిగురై, బెల్లం పాకం అయింది. రాతినూనె రబ్బరుకు ఇషం. పనికొచ్చేది ఆముదం. పై దేశాలోళ్లు గూడ సీసలల్ల కొనుక్కొని అదే పూసేటోళ్లట. నల్లగొండోనికి ఆముదం కొనాల్నా? మా అవ్వ ఆముదాలు ఏంచి, దంచి, నీళ్లల్ల ఉడకవెట్టి, పైకి తేరినదాన్ని గంటెతోని తీసేది. ఓ సీస పట్టుకపోయిన. పట్నంల మా రూమంత ఆముదం వాసనే. ఎవ్వడు రాకపోయేటోడు, మాకు పని మంచిగ సాగేది.

మెలి పెట్టుడు ఇద్దరి పని. ఒకడు విమానం గట్టిగ పట్టుకోవాలె. ఇంకోడు చేతి డ్రిల్లు మూతికి కొక్కెం పెట్టి, రబ్బరును దాని పొడుగుకు ఐదింతల దూరం దాక లాక్కపోయి, అక్కడ నిలవడి తిప్పాలె. సగం చుట్లు అక్కడనే ఎక్కాలె. మిగిలిన సగం తిప్పుకుంట తిప్పుకుంట అడుగు అడుగు దగ్గరికి రావాలె. తొందరపడి దగ్గరికి వస్తె రబ్బరు ఒక్కతాన ముద్ద కడతది. తిప్పేటప్పుడు చేతికి తెలుస్తది, మెత్తగ ఉన్నంత సేపు పర్వలేదు. బిర్రుగయితె ఆపాలె. ఆ ‘బిర్రు’ ఏ పుస్తకంల ఉండదు.

ఇడిచినంక గూడ కష్టమే. మొదటి కొన్ని సెకన్లు రబ్బరు పిచ్చెక్కినట్టు తిరుగుతది, ముక్కు పైకెత్తి ఎనుకకు పల్టీ కొడతది. అందుకని పంక ముక్కు జరంత కిందికి చూసేటట్టు అగ్గిపుల్ల ముక్క చెక్కి పెట్టాలె. పంక ఒక దిక్కు తిరిగితె విమానం రెండో దిక్కు ఒరుగుతది. దాన్ని ఆపబోవద్దు, ఆ ఒరుగుడునే వాడుకొని పెద్ద గుండ్రంగ తిరిగేటట్టు చెయ్యాలె. ఈ సంగతి తెలవడానికి మా చెరువు ఎండిన బొందల ఎన్ని పొద్దులు తిరిగిన్నో.

1971 ఫిబ్రవరిల పోటీ. ఓ కాలేజోళ్లు పెట్టిండ్రు, మైదానంల. మూడుసార్లు ఎగరెయ్యాలె, మూడు టైములు కలుపుతరు. ఒక్కసారికి రెండు నిమిషాలు దాటినా రెండు నిమిషాల లెక్కే. చుట్టూ సూట్లు తొడుక్కున్న పిల్లలు, దుకానంల కొన్న కిట్లు. మాది పొనికి పంక, బాసింగం బెండు, ఆముదం కంపు.

మొదటిసారి నేనే తిప్పిన. జనం చూస్తుండ్రని నాలుగు చుట్లు ఎక్కువ ఎక్కిస్త అనుకున్న. చేతికి బిర్రు తెలిసింది, కని నేను ఇనలే. టప్‌మని తెగి, ఆ దెబ్బకు నడుమ కర్ర మూడు ముక్కలయింది. మొదటి టైము సున్న. రూమ్మేటు ఒక్క మాట అనలే. కూసోని వెదురు పుల్ల ఆనిచ్చి, దారం చుట్టి, క్విక్‌ఫిక్స్ పూసి, ఆరేదాక ఊదుకుంట కూసున్నడు. రెండోసారి వాన్నే తిప్పుమన్న, భయంతోని చుట్లు తక్కువనే ఎక్కించిండు. 48 సెకన్లు.

మూడోసారికి ఎండ మంచిగ కాసింది. మైదానం అవతల గద్ద ఒకటి రెక్క కొట్టకుంట గుండ్రంగ తిరుగుకుంట పైకి పోతున్నది. దాని కింద ఏడి గాలి లేస్తున్నట్టు. ‘ఆడికి పోయి ఇడుద్దాం’ అన్న. ఇడిచినం. మెల్లగ తిరుగుకుంట లేచింది. పంక ఆగిపోయింది, విమానం మాత్రం దిగుతలేదు. రెండు నిమిషాలు దాటినయి. ఇంకా పైకే పోతున్నది. అసొంటప్పటికే సురేకారం నీళ్లల్ల నానవెట్టి ఎండవెట్టిన వత్తి తోకకు కడతరు. అది మెల్లగ కాలి దారం తెగితె తోక పైకి లేచి విమానం కిందికి దిగుతది. మేము వత్తి కట్టినం. ముట్టించుడు మర్చిపోయినం. అగ్గిపెట్టె నా జేబులనే ఉన్నది.

సుక్కంతయి, కనవడకుంట పోయింది. మొత్తం 168 సెకన్లు. మూడో బహుమతి, ఆ గిలాస. తెలిసినోళ్లు రెక్క మీద అడ్రసు రాస్తరు, మేము గూడ రాసినం. ఇరవై దినాలకు ఓ కార్డు వచ్చింది. మామిడి తోట కాపలాయన ఎవరితోనో రాయించిండు. ‘అయ్యా, మీ విమానం మా తోటల పడి ఉన్నది. రెక్కలు మంచిగనే ఉన్నయి. రబ్బరు మాత్రం మా పోరగాండ్లు కేటరుబాలుకు తీసుకున్నరు, ఏమనుకోవద్దు.’

ఇగ లేవుండ్రి, నెగడు ఆరింది. పొద్దుగాల గాలి లేవకముందే చెరువు కాడికి పోవాలె, గాలి లేస్తె నీ విమానం నిలువదు బిడ్డా. ఆముదం సీస అటక మీద ఉన్నది, ఎవరన్న దించుండ్రి.