ఇంధన మిశ్రమం – దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెట్రోలు ఇంజనులో గాలికీ ఇంధనానికీ ఉండవలసిన నిష్పత్తిని సాధారణంగా సాంకేతికాంశంగానే చూస్తారు. అయితే ఆ నిష్పత్తి మారిన సందర్భాల వెనుక ఇంధన కొరత, రాజ్యవిధానం, వాటి భారం మోసిన మనుషులు కనిపిస్తారు. యుద్ధకాలపు బొగ్గుబస్సు నుంచి నేటి ఇథనాల్ పెట్రోలు వరకు జరిగిన మార్పులను పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంధన మిశ్రమం, బొగ్గుబస్సు, పవర్ ఆల్కహాల్, ఇథనాల్, పాలమూరు, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం:
ఒక కిలో పెట్రోలు పూర్తిగా దహనం కావడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకంటే తగ్గితే మిశ్రమం చిక్కనవుతుంది; పెరిగితే పలుచనవుతుంది. మెకానిక్ షెడ్లలో వీటినే ‘రిచ్’, ‘లీన్’ అంటారు. చిక్కని మిశ్రమం ఇంజనుకు బలాన్నిస్తుంది కాని ఇంధన వ్యయాన్నీ పొగనూ పెంచుతుంది. పలుచని మిశ్రమం ఇంధనాన్ని ఆదా చేస్తుంది. అయితే అది మితిమీరితే ఇంజను తడబడి ఆగిపోతుంది. కార్బొరేటర్ల కాలంలో ఈ రెంటి నడుమ సమతౌల్యాన్ని మెకానిక్ తన చెవితో, చేతి స్క్రూడ్రైవరుతో సాధించేవాడు.

2. బొగ్గుబస్సు:
నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. హైదరాబాద్ రాజ్యంలో పెట్రోలు బావులు లేవు. ఇక్కడి వాహనాలు పూర్తిగా బయటినుంచి వచ్చే ఇంధనంపైనే ఆధారపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో, ముఖ్యంగా 1942లో బర్మా చమురు క్షేత్రాలు బ్రిటిష్ వారి చేజారిన తర్వాత, దేశమంతటా పెట్రోలు కొరత తీవ్రమైంది. దానికి ప్రత్యామ్నాయంగా వచ్చినదే తెలుగువారు ‘బొగ్గుబస్సు’ అని పిలుచుకున్న వాహనం.

ఈ బస్సుకు అమర్చిన కొలిమిలో కట్టెబొగ్గును పరిమితమైన గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రధానమైన వాయువు పుడుతుంది. ఆ వాయువులో దాదాపు సగం మండని నైట్రోజనే. కనుక దానికి దాదాపు సమాన పరిమాణంలో గాలి కలిపితే సరిపోతుంది. పెట్రోలుకు బిగించిన నిష్పత్తి ఇక్కడ పనికిరాదు. ఇంజను బలం మూడోవంతు నుంచి సగం దాకా పడిపోయేది. బొగ్గు తడిసినా, కొలిమి చల్లబడినా వాయువు గుణం మారేది. గాలి ద్వారాన్ని చేతితో సవరిస్తూ నడపవలసిన పని డ్రైవరుదే. ఈ విధంగా యుద్ధం తెచ్చిన కొరతను ఇంజను దగ్గర సరిదిద్దే బాధ్యత అతని చేతికి వచ్చింది.

3. ఆబ్కారీ నుంచి పెట్రోలు బంకుకు:
కొరతకు మరొక ప్రత్యామ్నాయం ఆల్కహాలు. హైదరాబాద్ రాజ్యానికి ఇది కొత్త వస్తువు కాదు. ఇప్పసారా, ఈతకల్లు, తాటికల్లులపై వచ్చే ఆబ్కారీ ఆదాయం ప్రభుత్వ ఖజానాకు ముఖ్య ఆధారం. బోధన్‌లో 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం వంటి సంస్థలతో మొలాసిస్ అనే మరో ముడిసరుకు కూడా సమకూరింది.

పెట్రోలులో ఆల్కహాలు కలపడానికి భారత ప్రభుత్వం 1948లో పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. తర్వాతి కాలంలో ఆల్కహాలుకు మద్యం, రసాయన పరిశ్రమలలో గిరాకీ ఎక్కువగా ఉండటంతో ఆ చట్టం ఆచరణలో వెనుకబడి, చివరకు 2000లో రద్దయింది. 2003 జనవరి నుంచి తొమ్మిది రాష్ట్రాలలో 5 శాతం ఇథనాల్ కలపాలన్న నిర్ణయం అమలులోకి వచ్చింది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

4. కోరి తెచ్చుకున్న పలుచన, కోరకుండా వచ్చిన పలుచన:
1970లలో చమురు సంక్షోభం, అమెరికా ఉద్గార నిబంధనల వల్ల పలుచని దహనం ప్రపంచ పరిశ్రమ దృష్టిని ఆకర్షించింది. హోండా సంస్థ చిన్న ఉపగదిలో చిక్కని మిశ్రమాన్ని వెలిగించి, దాని జ్వాలతో ప్రధానగదిలోని పలుచని మిశ్రమాన్ని మండించే ఇంజనును 1975 నాటికి సివిక్ కారులో ప్రవేశపెట్టింది. అయితే మూడు రకాల కాలుష్యాలను ఒకేసారి శుద్ధిచేసే ఉత్ప్రేరకానికి కచ్చితంగా 14.7 నిష్పత్తే కావాలి. అందువల్ల పలుచని దహనం ప్రధానస్రవంతిలో నిలవలేదు. భారతదేశంలోనూ 2000 తర్వాత కార్లలో కార్బొరేటర్ స్థానాన్ని ఇంధన ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్ ఆక్రమించాయి.

ఇథనాల్ ఈ లెక్కను మళ్లీ కదిలించింది. దాని బరువులో సుమారు 35 శాతం ఆక్సిజనే కనుక కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఈ నిష్పత్తి దాదాపు 13.5కి తగ్గుతుంది. పెట్రోలుకు బిగించిన కార్బొరేటర్‌లో జెట్ మారదు. కాబట్టి అదే ఇంజనులో మిశ్రమం సుమారు 9 శాతం పలుచనవుతుంది. సెన్సర్ ఉన్న వాహనం అదనపు ఇంధనాన్ని చిమ్మి ఈ తేడాను సవరించుకుంటుంది. ఆ మేరకు మైలేజి తగ్గుతుంది. పెట్రోలుకే రూపొంది, 10 శాతం మిశ్రమానికి సవరించిన కార్లు 20 శాతం ఇథనాల్‌తో నడిస్తే 6 నుంచి 7 శాతం ఇంధన సామర్థ్యం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 2020లో బి.ఎస్. 6 ప్రమాణాలు వచ్చేవరకు చిన్న మోటారు సైకిళ్లలో అధికభాగం కార్బొరేటర్‌తో వచ్చినవే. పల్లెల్లో నేటికీ తిరుగుతున్న అలాంటి బండ్లకు ఈ సవరణ తనంత తాను జరగదు.

5. పాలమూరు ప్రశ్న:
2018 జాతీయ జీవ ఇంధన విధానం ధాన్యం నుంచి ఇథనాల్ తయారీకి మార్గం వేసింది. 20 శాతం మిశ్రమం అనే 2030 లక్ష్యం తర్వాత 2025–26కు ముందుకు జరిగింది. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఇథనాల్ బియ్యం నుంచే వచ్చినప్పుడు, లీటరు మిశ్రమ పెట్రోలులో దాదాపు 450 గ్రాముల బియ్యం ఇమిడి ఉంటుంది.

సగటున 600 మిల్లీమీటర్ల వర్షం పడే పాలమూరులో వరి విస్తరణకు కృష్ణా నీటిని ఎత్తిపోసే కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ పథకాలు తోడ్పడ్డాయి. నల్లగొండలో ఫ్లోరైడ్ సమస్య ఎంత తీవ్రమంటే, నీటినుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతికి ‘నల్లగొండ’ పేరే స్థిరపడింది. నీటిని ఇలా కష్టంమీద పొందిన ప్రాంతంలో ఇథనాల్ కర్మాగారం కేవలం పరిశ్రమల శాఖ విషయంగా మిగలలేదు. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూర్‌లో సాగిన ఆందోళన 2023 అక్టోబరులో ఘర్షణకు దారితీసింది. తుంగభద్రకు చేరువలో ఉన్న జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో అదే పరిస్థితి ఏర్పడింది. నీటివనరులు, వ్యర్థజలాలు, దుర్వాసన గ్రామస్థుల ప్రధాన అభ్యంతరాలు. విదేశీ మారకం ఆదా, రైతుకు గిట్టుబాటు ధర, ఉపాధి ప్రభుత్వ విధానం చూపే సమర్థనలు. ఈ రెండు వాదాలు వేర్వేరు తలాలలో నడుస్తున్నాయి. ఒకటి దేశపు చమురు దిగుమతులను లెక్కిస్తే, మరొకటి ఊరి బోరుబావిని లెక్కిస్తుంది.

6. ముగింపు:
ఇంధన మిశ్రమాన్ని మార్చే నిర్ణయం ఒకచోట జరిగితే, ఆ మార్పును సరిదిద్దుకునే భారం మరొకచోట పడటం ఈ చరిత్రలో పునరావృతమైన లక్షణం. బొగ్గుబస్సు కాలంలో ఆ భారం డ్రైవరుది. ఇథనాల్ కాలంలో అది పాత బండి యజమానితోపాటు, బండితో సంబంధంలేని రైతుకూ చేరింది. ఈ భారం సాంకేతిక నివేదికలలో మైలేజి శాతంగా మాత్రమే నమోదవుతోంది. బొగ్గుబస్సుల మౌఖిక స్మృతులను, మెకానిక్ షెడ్ల పదజాలాన్ని, చిత్తనూర్, పెద్ద ధన్వాడ ఆందోళనల కరపత్రాలను, పాటలను సేకరించి పరిశీలిస్తే ఆ శాతానికి అందని చరిత్ర వెలుగులోకి వస్తుంది. తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు కలిసి చేపట్టవలసిన పని ఇది.