గడియారములు ఏకీభవించిన కథ

రెండు గడియారములను ఒకేసారి సరిచేసి విడిచినను, కొన్నాళ్ళకు అవి వేరువేరు వేళలు చూపును. కంప్యూటర్లలోని క్వార్ట్జు గడియారములకును ఈ దోషము తప్పదు. పది లక్షల సెకనులకు 20 సెకనులు తప్పు గడియారము రోజుకు సుమారు 1.7 సెకనులు తప్పును. ఇంటి గడియారమునకు ఇది లెక్కలోనిది కాదు. కంప్యూటర్ల వలలో మాత్రము చిక్కు తెచ్చును. వలలోని స్విచ్చు అనగా దీపపు మీట కాదు. సమాచారపు పొట్లములను తగిన యంత్రమునకు చేర్చు పెట్టె. అది తనలో కలిగిన లోపములను వేళతో సహా చిట్టాలో వ్రాసుకొనును. పది స్విచ్చులు పది వేళలు చూపినచో, ఏది కారణమో ఏది ఫలితమో తేల్చుట ఎట్లు?

ఈ చిక్కును విడదీసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ (1938–2024). బాల్యము నుండి దృష్టిలోపము గల ఈయన తరువాత డెలవేర్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1985లో ‘నెట్‌వర్క్ టైం ప్రోటోకాల్’ అను నియమావళిని ప్రకటించెను. దాని మూడవ రూపము 1992లోను, నాలుగవది 2010లోను వెలువడినవి.

“ఇప్పుడు పది గంటలు” అని ఉత్తరము వ్రాసినచో, అది చేరునప్పటికి పది దాటియుండును. దారిలో గడచిన కాలమును కనుగొనుటయే ఇందలి కీలకము. స్విచ్చు తన గడియారమున 0 మిల్లీసెకనుల వద్ద ప్రశ్న పంపినదనుకొందము. కాలదాత యంత్రము తన గడియారమున 130 వద్ద దానిని అందుకొని, 140 వద్ద జవాబు పంపినది. స్విచ్చు దానిని తన 70 వద్ద అందుకొన్నది. మొత్తము 70లో కాలదాత వద్ద గడచిన 10 తీసివేయగా, రాకపోకలకు పట్టినది 60. పోవునప్పటి తేడా 130; వచ్చునప్పటి తేడా 140 − 70 = 70. ఈ రెంటి సగటు 100. అనగా స్విచ్చు గడియారము 100 మిల్లీసెకనులు వెనుకబడియున్నది.

ఐతే రాకపోకలకు సమానకాలము పట్టుననునది ఇందలి ఊహ. పోవుటకు 50, వచ్చుటకు 10 పట్టినచో, ఇదే లెక్క 100కు బదులు 120 చూపును. కావుననే యంత్రము పెక్కుమారులు, పెక్కు కాలదాతలను అడిగి, నమ్మదగిన జవాబులనే గ్రహించును.

కాలదాతలకు అంతస్తులు కలవు. పరమాణు గడియారము వంటి మూలము సున్న. దానితో నేరుగా కలిసినది ఒకటవ అంతస్తు. ఇట్లు 15 వరకు పోవును. 16 అనగా కాలము కుదరలేదని అర్థము.

స్విచ్చును అమర్చువాడు కాలదాతల చిరునామాలు ఇచ్చి, మన దేశపు తేడా 5 గంటల 30 నిమిషములు తెలుపవలెను. ఏలయన వలలో ప్రయాణించునది విశ్వసమన్విత కాలమే. పిదప అంతస్తు 16 కాక తక్కువ సంఖ్య చూపుచున్నదా యని పరీక్షింపవలెను. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు కొన్ని స్విచ్చులు ఏనాటిదో తేదీ చూపును. వానికి ఈ ఏర్పాటే దిక్కు.

భారత ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో, సంస్థలు తమ గడియారములను జాతీయ భౌతిక ప్రయోగశాల లేక జాతీయ సమాచార కేంద్రపు కాలముతో గాని, వానితో సరిపోలు కాలదాతలతో గాని కలుపవలెనని విధించినది. నేరము జరిగిన క్రమము చిట్టాల నుండియే తెలియవలెను గదా! వేళ తప్పిన చిట్టా నిజము వ్రాసినను సాక్ష్యమునకు నిలువదు.