భిలాయి క్వార్టర్లలో కంప్యూటర్ సలహాలు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. నాలుగేళ్ళకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. విజయనగరం, రాయపూర్‌ల మధ్య రైలు మార్గం అప్పటికే ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఆ దారినే వెళ్ళి కర్మాగారం క్వార్టర్ల సెక్టార్లలో స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. తాతకు వచ్చిన లిపి మనవడికి రాదు. అక్కడి మనవాళ్ళ ఇళ్ళలో కంప్యూటర్ కథను ఈ సంగతి దగ్గర మొదలుపెడితేనే అర్థమవుతుంది.

ముందుగా వచ్చింది ఆట. 1990లలో మన దేశమంతటా సమురాయ్, మీడియా కంపెనీల టీవీ గేములు అమ్ముడయ్యాయి. మారియో, కాంట్రా ఆడటానికి ఏ భాషా అక్కర్లేదు, ఏ సలహా అక్కర్లేదు. క్యాసెట్ పెట్టి ఆడటమే. సలహా అవసరమైంది కంప్యూటర్ కొన్నప్పుడు. ఏది కొనాలి, ఎంత ర్యామ్ ఉండాలి, వైరస్ వస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు ఇంగ్లీషు పత్రికలు, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళే దిక్కు.

ఆ కంప్యూటర్లకు విండోస్ ఒక్కటే దారి కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం సంగతి ప్రకటించాడు. 1990ల నడిమికే పీసీక్వెస్ట్ పత్రిక తన సీడీతో దాన్ని మన దేశంలో పంచింది. నెట్‌లో దించుకోవడం తేలిక కాదు. 56 కేబీపీఎస్ డయలప్ మీద ఒక్క 700 ఎంబీ సీడీకి 27 గంటలు దాటుతుంది, అదీ లైన్ తెగకుండా ఉంటేనే. అందుకే లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వాళ్ళు అడిగినవారికి ఉచితంగా పోస్టులో సీడీలు పంపేవారు. 2011 దాకా అది సాగింది. చిన్న ఊళ్ళ విద్యార్థులకు అది చేసిన మేలు పెద్దది.

భాష విషయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళ శ్రమను నేను ఇంకా పైన పెడతాను. విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంటు ఉండేది. కానీ సంక్లిష్ట లిపుల సదుపాయం విడిగా ఎక్కించుకోవాలి, అందుకు అసలు సీడీ కావాలి. అది లేని ఇంట్లో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలే కనిపించేవి. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ చేసిన తెలుగు టైపింగ్ సాధనం లేఖిని, 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్, ఇవన్నీ లాభం ఆశించకుండా చేసిన పనులు. మరోవైపు, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు చెందిన ఒక అక్షరాల కూర్పు తెరమీదికి వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ దాన్ని ఐఓఎస్ 11.2.6లో సరిదిద్దింది. అంత ధనమున్న సంస్థ కూడా మన లిపిని ముందే సరిగా పరీక్షించలేదు.

2016లో జియో వచ్చాక సలహా ఫోన్‌లోకి మారింది. మరుసటి ఏడాది గూగుల్ తెలుగు మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం ఇచ్చింది. లిపి రాని మనవడు నోటితో చెప్పి తాతకు తెలుగులో సందేశం పంపవచ్చు. భిలాయి వంటి ఊళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే సదుపాయం ఫోన్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం. అదే ఫోన్‌లో పబ్జీ ఆట కూడా వచ్చింది. ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న దాన్ని నిషేధించింది, ఏడాది తిరగకముందే బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఆటల్లో డబ్బు పోకుండా ఉండాలంటే, నిషేధాల మీద ఆధారపడకుండా పిల్లలు ఆడే ఫోన్‌లోంచి బ్యాంకు కార్డు వివరాలు తీసేయడం మేలు.

లినక్స్‌లో ఆటలు ఆడవన్న పాత మాట ఇప్పుడు చాలావరకు చెల్లదు. వాల్వ్ సంస్థ 2018లో ప్రోటాన్ విడుదల చేశాక, విండోస్ కోసం చేసిన వేలాది ఆటలు లినక్స్‌లో నడుస్తున్నాయి. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ నడిచేదీ లినక్స్ మీదే. వాలరంట్ అనే ఆట మాత్రం, మోసాలను అడ్డుకునే దాని యాంటీచీట్ వల్ల లినక్స్‌లో ఆడదు. అదే ప్రాణంగా ఆడేవారు విండోస్‌లోనే ఉండాలి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఈ ఒక్క కారణంతో పాత సామాను కొట్టుకు పోవడం అన్యాయం. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ముందు ఫోటోలు, కాగితాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. పెన్ డ్రైవ్ మీద లినక్స్ మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. వైఫై, ప్రింటరు, శబ్దం సరిగా ఉన్నాయో లేదో ఒక పూట చూసుకున్నాకే స్థిరంగా ఎక్కించండి. ఆ తర్వాత తెలుగు కీబోర్డు పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళ చేతికివ్వండి.