దిబ్బ నుంచి బండిదాకా

బియ్యంలో ఏరిన మట్టిగడ్డ గానీ, అరటిపండు తొక్క గానీ, ఇంట్లో ఉన్నంతసేపూ మనదే. గడప దాటించామో, ఇక మనది కాదు! మరి ఎవరిదండీ? ఎదురింటివాళ్లదా, వీధిదా, పంచాయితీదా? వినడానికి వేళాకోళంగా ఉంటుంది గానీ, ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ప్రభుత్వాలు నూటయాభై ఏళ్లుగా తల పట్టుకుంటున్నాయి.

మా తడలో కూర్చుంటే ఈ తిరకాసు మరీ బాగా అర్థమవుతుంది. మాది గ్రామపంచాయితీ. ఉత్తరంగా పోతే సూళ్లూరుపేట, అది మునిసిపాలిటీ. పడమటివైపు 2008లో మొదలైన శ్రీసిటీ, అది ప్రత్యేక ఆర్థిక మండలి. దక్షిణాన సరిహద్దు దాటితే ఆరంబాకం, అక్కడ తమిళనాడువారి చట్టం. నడుమ రైలుస్టేషను రైల్వేవారిది. ఒకే అరటితొక్క ఎక్కడ పడితే అక్కడి యజమాని చేతికి పోతుందన్నమాట. తూర్పున ఉన్న పులికాటు సరస్సుకు మాత్రం ఈ హద్దులేవీ తెలియవు. గాలికి కొట్టుకొచ్చిన సంచి ఏ ఊరిదైనా దానికి ఒకటే.

మా అత్తగారికి ఈ గొడవంతా వింతగా ఉంటుంది. "మా రోజుల్లో చెత్త ఎత్తుకుపోవడానికి మనిషా? వాకిట్లో ఎవరైనా పేడకడి ఎత్తుకుపోతే పోట్లాటలయ్యేవి అమ్మాయ్!" అంటారావిడ. నిజమే కదా. పాతకాలపు ఇంటికి పెరడు ఎంత అవసరమో, దిబ్బ అంత అవసరం. పేడ, బూడిద, ఊక, తిన్న విస్తరాకు, కూరగాయల తొక్కలు అన్నీ దిబ్బకే చేరేవి. వానలకు ముందు బండికెత్తి పొలానికి తోలేవారు. దిబ్బ పెద్దదైతే పాడి ఉన్న ఇల్లని అర్థం. చెత్తకు యజమాని ఉన్నాడు, ధర ఉంది. అలాంటప్పుడు సర్కారుతో పనేముంది?

ఇది మన పల్లెల ముచ్చటే అనుకోకండి. మహానగరం లండనులో కూడా పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇదే తంతు. ఇంటింటి పొయ్యిలోంచి వచ్చే బొగ్గుబూడిద ఇటుకల తయారీకి పనికొచ్చేది. అందుకని కంట్రాక్టర్లు పేటలవారికి ఎదురు డబ్బిచ్చి మరీ చెత్త పట్టుకుపోయేవారు. తర్వాత బూడిదకు గిరాకీ పడిపోయింది. అప్పుడు లెక్క తిరగబడి, పేటలవారే కంట్రాక్టరుకు డబ్బివ్వాల్సి వచ్చింది. చెత్తకు ధర ఉన్నన్నాళ్లూ అది ఆస్తి, ధర పోయిన నాడు అది సర్కారు పని. చరిత్రంతా ఈ మాట చుట్టూనే తిరిగింది.

మన దేశంలో ఈ పని సర్కారు నెత్తికెక్కింది మన మీద ప్రేమతో కాదు. కలరాకు, జ్వరాలకు సిపాయిలు పిట్టల్లా రాలిపోతుంటే తెల్లదొరలకు భయం పట్టుకుంది. సైన్యం ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ముందు కంటోన్మెంట్లు శుభ్రపడ్డాయి, తర్వాత పట్టణాల వంతు వచ్చింది. మదరాసు రాజధానిలో 1865లో పట్టణాల అభివృద్ధి చట్టం చేసి, మరుసటేడు మన నెల్లూరు, గుంటూరు, బందరులలో మునిసిపాలిటీలు పెట్టారు. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. 1884లో మదరాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. కాస్త పెద్ద పల్లెలను కలిపి యూనియన్లు చేసి, వాటికి పంచాయితీలు పెట్టి, ఇంటిపన్ను వేసి, ఆ డబ్బుతో రోడ్లూ పారిశుద్ధ్యమూ చూసుకోమన్నారు. చెత్తకి కూడా పన్ను కట్టాలన్న సంగతి పల్లెవాడికి తెలిసొచ్చింది అప్పుడే.

సరే, పన్ను వేశారు. మరి ఎత్తేదెవరు? ఇక్కడే మన సంఘం సర్కారుకంటే ముందుగా నిర్ణయం చేసేసింది. ఊళ్లో ఎవరిని దూరంగా ఉంచారో వాళ్లకే చీపురూ బుట్టా అప్పగించింది. మునిసిపాలిటీ వచ్చాక కూడా కొత్తగా నౌకరీ పేరు వచ్చిందే గానీ మనుషులు మారలేదు. మా నెల్లూరు సీమనుంచి, ఇంకా పై తెలుగు జిల్లాలనుంచి తరలిపోయిన దళిత కుటుంబాలు తరతరాలుగా చెన్నపట్నం వీధులు ఊడ్చాయి. బెంగుళూరు వీధుల్లో ఊడ్చేవాళ్లలోనూ చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. రెండు మహానగరాల ముంగిళ్లు శుభ్రం చేసిన ఆ తల్లుల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు.

నిర్ణయించేవాళ్లు ఒకరు, మోసేవాళ్లు ఇంకొకరు అయ్యేసరికి ఏమవుతుందో చూడండి. పారిస్ నగరంలో 1883లో పూబెల్ అనే అధికారి ఇంటి యజమానులందరూ మూతపెట్టెలు పెట్టి తీరాలన్నాడు. కుళ్లేవాటికి ఒకటి, కాగితాలకూ గుడ్డలకూ ఒకటి, గాజుకూ పింగాణీకీ ఒకటి, మొత్తం మూడు! జనం మండిపడి ఆ పెట్టెకు ఆయన పేరే తగిలించారు. ఫ్రెంచివాళ్లు నేటికీ చెత్తబుట్టను "పూబెల్" అంటారు. న్యూయార్కులో 1895లో వారింగ్ అనే కర్నలు ఇంకో దారి పట్టాడు. ఊడ్చేవాళ్లకు తెల్లటి దుస్తులు తొడిగి, వైద్యుల్లాంటి గౌరవం ఇచ్చి, వీధిలో ఊరేగింపు నడిపించాడు. బుట్ట సంగతి ఒకరు చూశారు, బుట్ట ఎత్తే మనిషి సంగతి ఒకరు చూశారు. రెండూ కలిపి చూసినవాళ్లు ఎక్కడో గానీ లేరు.

మనకు వచ్చింది వీధికుండీ. సిమెంటుదో, రేకుదో, వీధి మలుపులో ఒకటి. దాని కథ మీకు నేను చెప్పక్కర్లేదు. కుండీ కావాలని అందరూ అర్జీలు పెడతారు, తమ ఇంటిముందు మాత్రం వద్దంటారు. సగం చెత్త లోపల, సగం బయట. ఆవులు, కుక్కలు, కాకులు దాని వాటాదార్లు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దవాళ్లు ఊరికే అన్నారా!

అయినా కొంతకాలం బండి నడిచింది. ఎందుకంటే ఆ చెత్త ఇంకా మట్టిలో కలిసేదే. 1920, 30లలో హోవర్డ్ దొర ఇందూరులోనూ, ఆచార్యగారు బెంగుళూరులోనూ కంపోస్టు పద్ధతులు తయారుచేశారు. మునిసిపాలిటీలు గుంటల్లో చెత్త మగ్గబెట్టి రైతులకు అమ్ముకునేవి. ఆ తర్వాత వచ్చింది ప్లాస్టిక్ సంచి. పాలు, నూనె, ఉప్పు, పప్పు అన్నీ సంచుల్లోకి ఎక్కాయి. గాజుముక్క, బ్లేడు, బ్యాటరీ వాటికి తోడయ్యాయి. అలాంటి ఎరువును ఏ రైతు పొలంలో చల్లుకుంటాడు చెప్పండి? మిగిలిన ఆ కాస్త ధరా పోయింది.

అప్పుడు మళ్లీ గడప దగ్గరికే రావాలని తోచింది. మాకు ఓ పూట ప్రయాణంలో ఉన్న మదరాసులో 1989లో నిర్మల్ అనే బ్యాంకు ఉద్యోగి ఎక్స్‌నోరా సంస్థ పెట్టారు. వీధిలోవాళ్లంతా నెలకింతని పోగుచేసుకుని, ఒక మనిషినీ మూడుచక్రాల బండినీ పెట్టుకుంటే, ఆయన ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్తాడు. 1994లో సూరత్‌లో ప్లేగు అని దేశమంతా హడలిపోయింది. 1996లో అల్‌మిత్రా పటేల్ అనే ఆవిడ సుప్రీంకోర్టుకెళ్లారు. దాంతో 2000లో పట్టణాల చెత్తకు దేశమంతటికీ నియమాలు వచ్చాయి.

మన తెలుగు గడ్డమీద దీన్ని చేసి చూపించిన ఊరు సూర్యాపేట, అప్పటి నల్గొండ జిల్లాలోది. 2003 ప్రాంతంలో అక్కడి మునిసిపల్ కమిషనరు ఖాదర్ సాహెబ్ వీధికుండీలు తీయించేశారు. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరుగా ఇంటివద్దే తీసుకోవడం మొదలుపెట్టారు. తడిది వానపాములకు, పొడిది అమ్మకానికి. పెద్ద యంత్రాలూ లేవు, విదేశీ అప్పులూ లేవు. ఉన్న మనుషులతో, ఉన్న బళ్లతోనే అయింది. ఆ ఊరిని చూడడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు.

అదే సమయంలో చెన్నై ఇంకో దారి చూసింది. 2000లో మూడు మండలాల చెత్తను ఏడేళ్లకు ఒక విదేశీ కంపెనీకి అప్పజెప్పింది, టన్నుకింతని. బళ్లు కొత్తవి, మనుషులకు దుస్తులు కొత్తవి, వీధులూ మెరుగుపడ్డాయన్నారు. కానీ ఇల్లాలి లెక్క ఒకటి చెబుతాను. టన్నుకింతని ఇచ్చినప్పుడు చెత్త తగ్గితే ఎవరికి లాభం? బియ్యం తూకానికి కూలి ఇస్తే రాళ్లు ఏరేదెవరు?

ఇక డబ్బు సంగతి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న వేలకొద్దీ చెత్త వాహనాలను పట్టణాలకు పంపారు. దానికి నెలకు ఇంటికి 120 రూపాయలదాకా రుసుము పెట్టారు. చెత్తపన్ను అని జనం గోల పెట్టారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కట్టలేని ఇంటికి ఆ రుసుము భారమే, కాదనను. అయితే పన్ను పోయినా పని పోదుగా! బండికి డీజిలూ మనిషికి జీతమూ ఎక్కడినుంచో రావాలి. పంచాయితీలకైతే ఇంటిపన్ను ఉంది, ఆర్థిక సంఘం నిధులున్నాయి. 15వ ఆర్థిక సంఘం తన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. వీధులు ఊడ్పించడం, చెత్తకుప్పలు తొలగించడం పంచాయితీ విధి అని 1994 పంచాయితీరాజ్ చట్టంలోనే ఉంది.

పల్లెల్లో చెత్త ఎత్తేవాళ్లకు గ్రీన్ అంబాసిడర్లు అని పేరు పెట్టారు. ఊరి చివర షెడ్లు కట్టి "చెత్త నుంచి సంపద" అని రాయించారు. ఆ మాట చదివి వినిపిస్తే మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "దిబ్బకి గోడలు కట్టారన్నమాట!" అన్నారు.

నవ్వులాటకే అన్నా అందులో నిజముంది. దిబ్బ ఉన్న రోజుల్లో ఏది ఎందులో వెయ్యాలో నిర్ణయించింది ఇల్లాలే. షెడ్డు నడిచేదీ నడవనిదీ ఇప్పటికీ మన వంటింట్లోనే తేలిపోతుంది. 2016లో వచ్చిన నియమాలు తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరుచెయ్యమన్నాయి. ఆడవాళ్ల వాడిన పాడ్లు విడిగా చుట్టి ఇవ్వమని కూడా రాశాయి. సిగ్గుపడాల్సిన మాట కాదిది. మనం వేరుచెయ్యకపోతే షెడ్డులో ఎవరో ఒక ఆడమనిషి వట్టి చేతులతో వేరుచేస్తుంది. పగిలిన గాజు ఆ చేతికే గుచ్చుకుంటుంది.

1994 నాటికి స్థానికసంస్థల్లో మూడోవంతు, 2011లో సగం పదవులు మన రాష్ట్రంలో ఆడవాళ్లవయ్యాయి. అంటే చెత్తను చేతితో ఎరిగినవాళ్లే నిర్ణయం చేసే కుర్చీలో కూర్చునే రోజు వచ్చింది. గ్రామసభలో చెత్త సంగతి వస్తే బండి ఎన్నాళ్లకోసారి వస్తుంది, రుసుము ఎంత, షెడ్డు ఎక్కడ అని అందరూ అడుగుతారు. వాటికంటే ముందు మనం ఒకటి అడగాలి. బండి తోసే ఆ అమ్మాయికి నెలనెలా జీతం అందుతోందా, చేతికి తొడుగులున్నాయా? ఆ జీతం ఆగిన ఊళ్లో ఎన్ని రంగుల బుట్టలు పంచినా బండి మన వీధిలోకి రాదు. ఈసారి మీ ఊళ్లో సభ అని టముకు వేస్తే, పని కాస్త పక్కనబెట్టి వెళ్లి కూర్చోండి. పక్కింటి వదినగారినీ వెంటబెట్టుకు వెళ్లండి.